'లోగన్'తో సెలవు తీసుకున్న వుల్వరిన్ మళ్లీ వచ్చాడు. మరి ఆ వీడ్కోలు చెడిపోయినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హ్యూ జాక్‌మన్ 2017లో 'లోగన్' సినిమాతో, ఎక్స్-మెన్ అనే హాలీవుడ్ సూపర్‌హీరో సినిమాల్లో చేతుల్లోంచి పంజాలు వచ్చే వుల్వరిన్ పాత్రకు వీడ్కోలు చెప్పాడు. లోగన్ అంటే ఆ పాత్రకే మరో పేరు. థియేటర్లో మీరు ఏడ్చారు. 2024లో అతను మళ్లీ పంజాలు తగిలించుకుని 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్'లో కనిపించేసరికి మోసపోయినట్టు అనిపించింది. ఇక ఆ ముగింపుకు విలువ ఉందా, ఒక నటుడు పదిహేడేళ్లు మోసిన పాత్రను నిజంగా వదిలిపెట్టగలడా అని మీ ప్రశ్న.

నా సమాధానం: ఆ ముగింపు చెడలేదు. వుల్వరిన్ వయసు కనిపించని పాత్ర. దాన్ని వేసినవాడు మాత్రం ముప్పై ఒకటో ఏట మొదలుపెట్టి నలభై ఎనిమిదికి వచ్చాడు. అన్నేళ్లపాటు ప్రతి సినిమా ఆ వయసును దాచింది. 'లోగన్' దాచడం మానేసింది. వీడ్కోలంతా అందులోనే ఉంది. ఆ తర్వాత ఎవరు ఏ ప్రకటన చేసినా, ఏ కాంట్రాక్టు మీద సంతకం పెట్టినా ఆ సినిమాలో జరిగిన పని జరిగినట్టే ఉంటుంది.

ఇది అభిమానంతో మాత్రమే అంటున్న మాట కాదు. ఇంగ్లీష్ సినిమాలకు తెలుగు డబ్బింగ్ చెప్పడం చాలా ఏళ్లుగా నా వృత్తి. వుల్వరిన్‌కు నేనెప్పుడూ గొంతు ఇవ్వలేదు. కానీ మా పనిలో ఒకే సీన్‌ను ముక్కలు ముక్కలుగా, పదే పదే చూస్తాం. నటుడు ఎక్కడ ఊపిరి తీశాడు, ఎక్కడ బిగబట్టాడు, మాట మధ్యలో ఎందుకు ఆగాడు అన్నది పట్టుకోకపోతే పెదవులకు మాట కలిసినా ప్రాణం రాదు. ఆ అలవాటుతో ఈ సినిమాలను వరసగా చూసినవాడిగా చెబుతున్నాను. ముందే ఒక హెచ్చరిక: కింద కథ మొత్తం బయటపెట్టేస్తున్నాను.

ముందు ఈ పాత్ర అతనికి ఎలా దొరికిందో తెలియాలి. 1999లో టొరంటోలో మొదటి 'ఎక్స్-మెన్' షూటింగ్ మొదలయ్యేనాటికి వుల్వరిన్‌గా ఖాయమైనవాడు డూగ్రే స్కాట్ అనే స్కాట్లాండ్ నటుడు. అతను అప్పటికి 'మిషన్ ఇంపాజిబుల్ 2'లో విలన్‌గా చేస్తున్నాడు. ఆ షూటింగ్ సాగుతూ పోయింది, ఇక్కడికి రాలేకపోయాడు. అంతకుముందు ఈ పాత్రకు రస్సెల్ క్రోను అడిగితే ఆయన కాదని, సాటి ఆస్ట్రేలియా నటుడు జాక్‌మన్ పేరు సూచించాడు. అలా ఇక్కడ షూటింగ్ మొదలయ్యాక జాక్‌మన్ వచ్చి చేరాడు. అప్పటికి హాలీవుడ్‌లో అతనెవరో ఎవరికీ తెలియదు. లండన్ నేషనల్ థియేటర్‌లో 'ఓక్లహోమా' అనే సంగీత నాటకంలో పాటలు పాడే కౌబాయ్‌గా పేరు తెచ్చుకున్నాడంతే. పైగా కామిక్స్‌లో వుల్వరిన్ ఐదడుగుల మూడంగుళాల పొట్టివాడు. ఇతను ఆరడుగులు దాటిన మనిషి. కామిక్స్ అభిమానులకు అది నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అతను తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పిన రెండు సంగతులు నాకు ఇష్టం. వుల్వరిన్ అనే జంతువు నిజంగా ఉందని అతనికి తెలియదట. ఆస్ట్రేలియాలో అది ఉండదు. పేరులో ఉన్నది తోడేలే అనుకుని, తోడేళ్ల మీద డాక్యుమెంటరీ చూసి వాటి నడక, చూపు నేర్చుకుని సెట్‌కు వెళ్లాడు. అది కల్పిత జంతువు కాదని అక్కడ డైరెక్టర్ చెబితేగానీ తెలియలేదు. అయినా ఆ తల వంచి కిందనుంచి పైకి చూసే చూపు చివరిదాకా పాత్రలో ఉండిపోయింది. రెండోది చన్నీళ్ల స్నానం. ఒకరోజు తెల్లవారుజామున షవర్ తిప్పితే వేడినీళ్లు రాలేదు. భార్య నిద్రపోతోంది, అరవడానికి లేదు. ఒళ్లంతా మండిపోతున్నా పళ్లు బిగించి నిలబడ్డాడు. ఆ క్షణంలో అతనికి తట్టింది, వుల్వరిన్ ఎప్పుడూ ఉండే స్థితి ఇదేనని. తర్వాత షూటింగ్ రోజుల్లో కావాలనే చన్నీళ్లు పోసుకునేవాడు.

ఆ రెండో సంగతిని గుర్తుపెట్టుకోండి. లోపల మంట, పైకి బిగింపు. మొదటి సినిమా నుంచి అతని ఊపిరి అలాగే ఉంటుంది. మాట కన్నా ముందు ముక్కుతో ఒక చిన్న విసురు, ఆ తర్వాత గొంతులోంచి తక్కువ శబ్దంతో మాట. ఆ ఊపిరి పట్టుకుంటే పాత్ర సగం దొరుకుతుంది.

ఇక శరీరం. గాయం తగిలితే దానంతట అదే మానిపోయే మనిషి, వందేళ్లు దాటినా నడివయసులోనే ఉండిపోయే మనిషి. అలాంటివాడిని వేయడానికి జాక్‌మన్ ఏళ్ల తరబడి జిమ్‌లో బరువులు ఎత్తాడు. 2013లో వచ్చిన 'ది వుల్వరిన్'కు ముందు డ్వేన్ జాన్సన్‌ను సలహా అడిగి రోజుకు ఆరు వేల కేలరీల తిండి తిన్నాడు. చొక్కా లేని సీన్లకు ముందు నీళ్లు తాగడం ఆపేసేవాడు. ఒంట్లో నీరు తగ్గితే చర్మం కండరానికి అతుక్కుని నరాలు తేలి కనిపిస్తాయి. చూస్తున్న కుర్రాళ్లకు ఒక మాట: అది కెమెరా ముందు కాసేపు కనపడ్డానికి నిపుణుల పర్యవేక్షణలో చేసే ప్రమాదకరమైన పని. తలనొప్పితో మొదలై కిడ్నీల దాకా వెళ్లగలదు. దయచేసి ఫొటోల కోసం ప్రయత్నించకండి.

గమనిస్తే విచిత్రం ఏమిటంటే, 2000లో మొదటి సినిమాలో అతను మామూలు ఫిట్ కుర్రాడిలా ఉంటాడు. వయసు పెరిగేకొద్దీ కండలు పెరిగాయి. 2014 నాటి 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్'లో నలభై అయిదేళ్ల మనిషి ముప్పై ఏళ్లప్పటి తనకన్నా రెట్టింపు గట్టిగా కనిపిస్తాడు. వయసును దాచడం అంటే నేను అంటున్నది ఇదే. పాత్రకు వయసు రాదు కాబట్టి నటుడు కాలానికి ఎదురీదాల్సి వచ్చింది, ప్రతి సినిమాకూ ఇంకొంచెం ఎక్కువగా.

గొంతు గురించి నేను ఇంకాస్త చెప్పాలి, అది నా ఇలాకా కాబట్టి. ఫైట్లలో అరుపులు, మూలుగులు, ఆయాసం, వీటన్నిటినీ మేం రియాక్షన్లు అంటాం. డబ్బింగ్‌లో వీలైనంతవరకు వాటిని చివర్లో పెట్టుకుంటాం. ముందే అరిచేస్తే గొంతు బొంగురుపోయి మిగిలిన డైలాగులు పాడవుతాయి. మాకు ఏసీ గదిలో మైకు ముందు నిలబడి చేస్తేనే ఆ పరిస్థితి. అతను చలిలో, దుమ్ములో, పరిగెడుతూ, టేకు తర్వాత టేకు అరిచాడు. పైగా అతను సంగీత నాటకాల గాయకుడు. 2004లో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేలో 'ది బాయ్ ఫ్రమ్ ఆజ్'కు, నాటకాలకిచ్చే టోనీ అవార్డు తెచ్చుకున్నాడు. 2012లో 'లే మిజరబ్లే'లో పాడి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాడు. అలాంటివాడు వుల్వరిన్ అరుపుల వల్ల తన పై స్థాయి గొంతు దెబ్బతిన్నదని 2023లో ఒక బీబీసీ ఇంటర్వ్యూలో చెప్పాడు. గొంతుతో బతికేవాళ్లకు ఆ మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. పాటగాడు తన గొంతులో ఒక భాగాన్ని ఒక పాత్రకు ఇచ్చేశాడు, అది తిరిగి రాదు.

మధ్యలో వచ్చిన సినిమాల గురించి ఎక్కువ చెప్పను. 2003 నాటి రెండోది బాగుంటుంది. 2006 నాటిది తొందరలో తీసినట్టుంటుంది. 2009లో వుల్వరిన్ ఒక్కడి కథగా వచ్చిన 'ఆరిజిన్స్' బలహీనమైనది. విడుదలకు నెలముందే పని పూర్తికాని కాపీ ఇంటర్నెట్‌లో లీకైంది, కానీ అది లీక్ కాకపోయినా సినిమా నిలిచేది కాదని నా అభిప్రాయం. అసలు మలుపు 2013లో. ఆ సినిమాకు దర్శకుడు జేమ్స్ మాంగోల్డ్. ఇతనూ జాక్‌మనూ 2001లోనే 'కేట్ అండ్ లియోపోల్డ్' అనే ప్రేమకథకు కలిసి పనిచేశారు. జపాన్‌లో జరిగే ఆ కథలో మొదటిసారి వుల్వరిన్ గాయాలు మానకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్న వచ్చింది. క్లైమాక్స్‌లో పెద్ద రోబో కవచం వచ్చి ఆ ప్రశ్నను పక్కకు నెట్టేసింది గానీ, విత్తనం అక్కడే పడింది.

2015 జులైలో జాక్‌మన్ పంజా ఫొటో పెట్టి, ఇదే చివరిసారి అని ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్‌తో మాట్లాడాక ఈ నిర్ణయానికి వచ్చానని తర్వాత చెప్పాడు. శక్తి మొత్తం అయిపోయేదాకా ఆగకు, ఇంకా కాస్త మిగిలి ఉండగానే ఆపితే తర్వాతి పనికి ఊపు ఉంటుందన్నది ఆ సలహా సారాంశం. సైన్‌ఫెల్డ్ తన టీవీ షోను మంచి ఊపులో ఉండగా 1998లో ఆపేసిన మనిషి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. చివరిసారి అని ముందే ప్రకటించడం వల్ల దర్శకుడికి ఒక స్వేచ్ఛ వచ్చింది. తర్వాతి భాగం కోసం ఏదీ దాచిపెట్టక్కర్లేదు. దానికి తోడు పదిహేడేళ్లలోపువాళ్లను పెద్దల తోడు లేకుండా రానివ్వని ఆర్ రేటింగ్‌తో తీయడానికి స్టూడియో ఒప్పుకుంది. 2016 ఫిబ్రవరిలో ఇంకో సూపర్‌హీరో సినిమా 'డెడ్‌పూల్' అదే రేటింగ్‌తో పెద్ద హిట్ అవడంతో ఆ దారి ఇంకా సులువైంది. మాంగోల్డ్ ఇంటర్వ్యూల్లో చెప్పిన మాట నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ఆర్ రేటింగ్ అంటే రక్తం, బూతులు మాత్రమే అనుకుంటారు. కానీ తొమ్మిదేళ్ల పిల్లలకు టికెట్ అమ్మనక్కర్లేదని తేలితే సీన్లు నెమ్మదిగా నడవొచ్చు, మాటలు పొడుగ్గా ఉండొచ్చు, కథ వృద్ధాప్యం గురించి మాట్లాడొచ్చు. అతనికి కావలసింది ఆ స్వేచ్ఛ.

ఇప్పుడు సినిమాలోకి వద్దాం. 2029. మెక్సికో సరిహద్దు దగ్గర లోగన్ కారు డ్రైవర్‌గా బతుకుతున్నాడు. మొదటి సీన్‌లో కారులో తాగి పడుకుని ఉంటే దొంగలు చక్రాలు విప్పుతుంటారు. దిగి ఆపబోతాడు, కొడతారు, పడిపోతాడు. పంజాలు బయటికి వస్తే ఒకటి సగంలో ఆగిపోతుంది. చివరికి గెలుస్తాడు, కానీ గెలిచిన తీరు చూస్తే మనకు సంతోషం వేయదు. పదిహేడేళ్లుగా చూస్తున్న అభిమానులకు ఇదివరకు ఎప్పుడూ చూపించనిది ఆ రెండు మూడు నిమిషాల్లో చూపించేశారు. ఆ తర్వాత చదవడానికి చవక కళ్లద్దాలు పెట్టుకుంటాడు. కుంటుతాడు. దగ్గుతాడు. ఎముకలకు పూసిన అడమాంటియం లోహమే అతని ఒంట్లో విషమై పాకుతోంది. అంటే ఇన్నేళ్లూ అతని బలం ఏదో, అదే చంపుతోంది.

దాక్కున్న చోట ఒక పాత నీళ్ల ట్యాంకులో, ఒకప్పుడు ఎక్స్-మెన్ జట్టును నడిపించిన ప్రొఫెసర్ ఛార్లెస్ జేవియర్. తొంభై దాటిన వయసు. లోకంలోకెల్లా శక్తిమంతమైన మెదడుకు ఇప్పుడు మతిమరుపు జబ్బు. ఫిట్స్ వస్తే చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా కొయ్యబారిపోతారు. లోగన్ ఆయనకు మందులు తెస్తాడు, తిట్టుకుంటూ మాత్రలు మింగిస్తాడు, బాత్రూమ్‌కు తీసుకెళ్తాడు, చేతుల్లో ఎత్తుకుని మెట్లెక్కుతాడు. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకున్నవాళ్లు ఈ సీన్లు చూస్తే గుర్తుపడతారు. విసుగు, ప్రేమ రెండూ ఒకే మాటలో వస్తాయి. పాట్రిక్ స్టీవర్ట్, జాక్‌మన్ ఇద్దరూ 2000 నుంచి ఈ పాత్రల్లో ఉన్నారు కాబట్టి వాళ్ల మధ్య ఆ చనువుకు నటన అవసరం లేదనిపిస్తుంది. ఇద్దరి గొంతులూ గమనించండి. స్టీవర్ట్ గొంతులో ఎప్పుడూ ఉండే ఆ గంభీరమైన నిండుతనం ఇక్కడ తెగిపోతూ ఉంటుంది, మళ్లీ ఒక్క వాక్యానికి తిరిగి వస్తుంది. అలా తిరిగొచ్చిన చోటల్లా పాత ప్రొఫెసర్ ఒక్క క్షణం కనిపించి మాయమవుతాడు.

ఛార్లెస్‌ను ఎక్స్-24 చంపుతాడు. ఎక్స్-24 ఎవరు? లోగన్ రక్తం నుంచి ప్రయోగశాలలో తయారుచేసిన నకలు. ఆ పాత్ర కూడా జాక్‌మనే వేశాడు. నెరిసిన గడ్డం లేదు, కుంటు లేదు, మనసు లేదు. కండలు, కోపం, పంజాలు మాత్రం ఉన్నాయి. అంటే ఇన్నేళ్లూ పోస్టర్ల మీద మనం చూసిన వుల్వరిన్‌ను తెచ్చి ఎదురుగా నిలబెట్టి, ఇదిగో మీరు అడిగింది, చూసుకోండి అన్నట్టు చేశారు. ముసలి లోగన్ దాన్ని గెలవలేడు. ఒక నటుడు తన స్టార్ ఇమేజ్‌తోనే పోరాడి ఓడిపోవడాన్ని ఇంత సూటిగా చూపించిన సూపర్‌హీరో సినిమా నేను ఇంకోటి చూడలేదు.

తర్వాతి సీన్ నాకు ఈ మొత్తం ప్రయాణంలోనే గొప్పది. ఇద్దరూ పడవ కొనుక్కుని సముద్రం మీద బతుకుదామని కలగన్నారు. ఛార్లెస్ చివరి మాట కూడా ఆ పడవ గురించే. లోగన్ ఒక చెరువు పక్కన ఆయన్ను పూడ్చిపెడతాడు. ఏదో చెప్పాలని నిలబడతాడు. మాట రాదు. ఇక్కడ నీళ్లున్నాయి అని మాత్రం అనగలుగుతాడు, అదే మళ్లీ అంటాడు. తర్వాత పారతో బండిని పగలగొడుతూ కుప్పకూలతాడు. అక్కడ జాక్‌మన్ ఊపిరి వినండి. 2000 నుంచి పళ్లు బిగించి పట్టిన ఆ ఊపిరి ఆ ఒక్కచోట వదిలేశాడు. ముక్కు విసురు లేదు, గొంతు గరగర లేదు, నోరు తెరిచి గాలికోసం కొట్టుకునే మామూలు ముసలివాడి ఏడుపు. ఇన్నేళ్ల అలవాటును అంత పూర్తిగా వదలడానికి చాలా ధైర్యం కావాలి. డబ్బింగ్‌లో ఇలాంటి చోటు వస్తే నేనైతే డైలాగ్ పేపర్ పక్కన పెట్టి, మనిషి ఊపిరిని మాత్రమే చూస్తూ చెబుతాను.

క్లైమాక్స్‌లో తన జన్యువులతోనే ప్రయోగశాలలో పుట్టించిన లారా అనే చిన్నపిల్లనూ, ఆమెలాంటి మిగతా పిల్లల్నీ కాపాడటానికి లోగన్ ఒక ఆకుపచ్చ మందు మొత్తం ఒంట్లోకి ఎక్కించుకుంటాడు. కాసేపు పాత వుల్వరిన్ తిరిగొస్తాడు, అడవిలో గర్జిస్తూ పరిగెడతాడు. థియేటర్లో ఈలలు పడేది అక్కడే. అది అభిమానులకు ఇచ్చిన కానుక. కొద్దిసేపటికే మందు ప్రభావం దిగిపోతుంది, మళ్లీ ముసలివాడు. తనను తాను కాల్చుకోవాలని లోగన్ జేబులో దాచుకున్న అడమాంటియం తూటాతో లారా ఆ నకలును చంపుతుంది. తనను తయారుచేసినవాళ్లు కోరుకున్నట్టు బతకొద్దని లోగన్ ఆ పిల్లకు చెబుతాడు. ఆమె మొదటిసారి నాన్నా అంటుంది. చనిపోవడం అంటే ఇలా ఉంటుందా అన్నట్టు చిన్నగా ఆశ్చర్యపోయి కన్నుమూస్తాడు. సినిమా మధ్యలో హోటల్ టీవీలో వచ్చిన 1953 నాటి 'షేన్' అనే పాత కౌబాయ్ సినిమా మాటలే ఆ పిల్ల సమాధి దగ్గర చదువుతుంది. ఆమెకు ఇంకో ప్రార్థన తెలియదు. వెళ్లేముందు శిలువను పక్కకు వంచి ఎక్స్ గుర్తుగా మారుస్తుంది. లారాగా వేసిన డాఫ్నే కీన్‌కు షూటింగ్ నాటికి పదకొండేళ్లు. సగం సినిమా మాట లేకుండా కళ్లతోనే చేసింది.

2017 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించినప్పుడు చివరి నిమిషాల్లో జాక్‌మన్ తన చెయ్యి పట్టుకున్నాడని, కళ్లు తుడుచుకోవడం చూశానని స్టీవర్ట్ తర్వాత చెప్పాడు. ఛార్లెస్ పాత్రకు ఇంతకన్నా మంచి సెలవు దొరకదని అప్పుడే అనిపించి, తానూ ఇక చాలిస్తున్నానని ప్రకటించాడు. సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 62 కోట్ల డాలర్లు వసూలు చేసింది. స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మనుషులు నటించిన సూపర్‌హీరో సినిమాకు ఆ విభాగంలో అదే మొదటిది.

మరి ఇంత అయ్యాక తిరిగి ఎందుకు వచ్చాడు? డబ్బు కోసమే అని ఒక్క మాటలో తేల్చేయొద్దు. డబ్బు లేదని నేననను. కానీ జాక్‌మన్ చెప్పిన ప్రకారం చివరిసారి అని ప్రకటించిన తర్వాత అతను మొదటి 'డెడ్‌పూల్' చూశాడు. డెడ్‌పూల్‌నూ వుల్వరిన్‌నూ జంటగా పెడితే నిక్ నోల్టే, ఎడ్డీ మర్ఫీ జంటగా చేసిన '48 అవర్స్' సినిమాలా ఉంటుందన్న ఆలోచన అప్పుడే పుట్టింది, వదల్లేదు. అప్పటికి మాట ఇచ్చేశాడు కాబట్టి ఆగాడు. 2019 మార్చిలో డిస్నీ సంస్థ, ఎక్స్-మెన్ సినిమాలు తీసిన ఫాక్స్‌ను కొనడంతో ఎక్స్-మెన్ హక్కులు మార్వెల్ స్టూడియోస్ చేతికి వచ్చాయి. 2022లో ఒకరోజు కారు నడుపుతుంటే మళ్లీ చేయాలనే కోరిక బలంగా కలిగి, డెడ్‌పూల్‌గా వేసే రయన్ రెనాల్డ్స్‌కు ఫోన్ చేశాడు. ఆ సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. మార్వెల్ అధినేత కెవిన్ ఫైగీ మాత్రం ముందు వద్దనే అన్నాడు. 'లోగన్' ముగింపు చరిత్రలో గొప్పది, దాన్ని చెరపకూడదని ఆయన సలహా. ఫైగీ 2000 నాటి మొదటి సినిమాకు అసోసియేట్ ప్రొడ్యూసర్. జాక్‌మన్ ఎంపికైన రోజుల నుంచీ చూస్తున్న మనిషి. ఆయనకు ఆ భయం ఉండటం సహజం.

2024 జులై 26న వచ్చిన ఆ సినిమా తెలుగులో కూడా విడుదలైంది. 130 కోట్ల డాలర్లు దాటింది. మీకు కోపం వచ్చింది బహుశా మొదటి సీన్‌కే అయ్యుంటుంది. డెడ్‌పూల్ వెళ్లి లోగన్ సమాధి తవ్వి, ఆ ఎముకలతోనే సైనికుల్ని చంపుతాడు. నాకూ ఆ సీన్ నచ్చలేదు. సమాధి దగ్గర ఆ పిల్ల నిలబడిన తీరు కళ్ల ముందు ఉన్నవాళ్లకు అది కష్టంగానే ఉంటుంది. అయితే ఆ సీన్ ఒక సంగతిని మాత్రం తేల్చేసింది. లోగన్ చచ్చిపోయాడు, లేచి రాడు. ఎముకలే ఉన్నాయి. తర్వాత వచ్చేది వేరే లోకానికి చెందిన వుల్వరిన్. తనవాళ్లు చస్తుంటే తోడు లేనివాడు, ఆ నేరభావంతో వాళ్లకు గుర్తుగా పసుపు యూనిఫాం విప్పకుండా తిరిగేవాడు. కామిక్స్‌లోని ఆ పసుపు రంగు జాక్‌మన్ ఒంటి మీదకు రావడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది.

ఆ సినిమాలో నాకు నచ్చింది ఒకే ఒక్క రాత్రి సీన్. పెద్దదైన లారాగా డాఫ్నే కీన్ తిరిగొచ్చి మంట పక్కన కూర్చుని ఈ కొత్త వుల్వరిన్‌తో మాట్లాడుతుంది. ఆమెకు తెలిసిన మనిషి ముఖమే, కానీ ఆ మనిషి కాదు. ఆమె కళ్లలో ఆ తేడా తెలుస్తుంది, అతనికీ తెలుస్తుంది. 'లోగన్'ను చెరిపేసే ఉద్దేశం ఉంటే ఆ సీన్ రాసేవాళ్లు కాదు.

జాక్‌మన్ నటనలో కూడా తేడా ఉంది. 2024లో అతని ఊపిరి పాత సినిమాల ఊపిరి, బిగించినది. మళ్లీ కండలు, మళ్లీ దాచడం. యాభై అయిదేళ్ల మనిషి అంత కష్టపడటం గౌరవించదగినదే. కానీ 'లోగన్'లో చేసిన పనిని అతను మళ్లీ చేయడానికి ప్రయత్నించలేదు, అది మంచి నిర్ణయం. ఆ వదిలేసిన ఊపిరి ఒక్కసారే పనిచేస్తుంది.

అబద్ధం చెప్పాడా అన్న మాటకు వస్తే, 2015లో అతను చెప్పింది అప్పటికి నిజమే అని నా నమ్మకం. చివరిసారి అనుకోకపోతే ఆ చెరువు పక్కన సీన్ అలా చేయలేడు. మళ్లీ రావాలనుకునేవాడు ఏదో ఒకటి మిగుల్చుకుంటాడు, అక్కడ మిగల్చలేదు. మనిషి ఏడేళ్ల తర్వాత మనసు మార్చుకోవడం వేరే సంగతి.

నాకు అసలు దిగులు జాక్‌మన్ గురించి కాదు. స్టీవర్ట్ 2022లో 'డాక్టర్ స్ట్రేంజ్' రెండో భాగంలో ఛార్లెస్‌గా మళ్లీ కనిపించాడు, అక్కడ ఆ పాత్రను అవసరం తీరగానే చంపేశారు. ఆ సీన్ నన్ను నిజంగా బాధపెట్టింది, బెర్లిన్‌లో అంత మంచి సెలవు తీసుకున్న మనిషికి అది తగదు. వేరే లోకం, వేరే కాలం అనే వీలు ఉన్నంతకాలం స్టూడియోలు ఎవరినైనా తీసుకొస్తాయి. రాబర్ట్ డౌనీ జూనియర్ 2019లో ఐరన్ మ్యాన్‌గా చనిపోయి, డాక్టర్ డూమ్ అనే విలన్‌గా వస్తున్నట్టు 2024 జులైలో ప్రకటించారు. అది వేరే పాత్ర కాబట్టి నాకు అభ్యంతరం లేదు, ఆసక్తిగానే ఉంది. కానీ ఇలా అలవాటైపోతే రేపు ఇంకో దర్శకుడు ఇంకో నటుడికి చివరి సీన్ రాసినప్పుడు, ఆ నటుడు ఏదో కొంత మిగుల్చుకుని నటించే ప్రమాదం ఉంది. ప్రేక్షకుడు కూడా ఏడవడానికి తటపటాయిస్తాడు, మీకు ఇప్పుడు జరుగుతున్నట్టు. నష్టం ఉంటే అక్కడ ఉంది.

మీరు మళ్లీ చూడాలనుకుంటే 2000 నాటి మొదటిది, తర్వాత 2013 నాటిది, ఆ తర్వాత 'లోగన్' చూడండి. మిగతావి ఆ వరసకు అవసరం లేదు. 'లోగన్'ను కొన్ని నెలల తర్వాత నలుపు తెలుపుల్లో 'లోగన్ నువార్' పేరుతో కూడా విడుదల చేశారు, ముఖాల మీద గీతలు అందులో ఇంకా బాగా కనిపిస్తాయి. ఒరిజినల్ ఇంగ్లీష్ ఆడియోతో ఒకసారి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. డబ్బింగ్ చెప్పేవాడినై ఉండి ఈ మాట అంటున్నాను, ఆ ఊపిరి మేమెంత బాగా చెప్పినా మాది అవుతుంది, అతనిది కాదు. పిల్లలతో కలిసి మాత్రం చూడొద్దు, హింస చాలా ఎక్కువ. 2024 సినిమాను ఇంకో రోజుకు ఉంచుకోండి, వెంటనే వద్దు.